పాత ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగుతోంది?

అందరికీ నమస్కారం.

ల్యాప్‌టాప్ నెమ్మదించగానే చాలామంది ముందు ఫొటోలు చెరిపేస్తారు, లేదా ఏదో ఒక 'క్లీనర్' వేస్తారు. డిస్కు దాదాపు నిండిపోయి ఉంటే తప్ప ఫైళ్లు తీసినందువల్ల వేగం రాదు. రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటును, శుభ్రం చేసే ప్రోగ్రాముల వల్లయితే కలిగే మేలు కంటే కీడే ఎక్కువ. జబ్బు ఏదో తేలాకే మందు.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెషీన్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. రోజూ వాడేవన్నీ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. సీపీయూ (లెక్కలు చేసే చిప్) 10, 20 శాతం దగ్గర ఉండి, డిస్కు మాత్రం 100 దగ్గర దిగకుండా కూర్చుంటే దోషం డిస్కు వైపు ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. మెమరీ గడి కూడా చూడాలి. 4 జీబీ ర్యామ్‌లో (తెరిచిన పనులు పట్టి ఉంచే మెమరీలో) 90 శాతం నిండితే, పట్టనిదాన్ని విండోస్ డిస్కు మీదికి తోస్తుంది. అప్పుడు పైకి కనిపించేది డిస్కు బాధ, లోపలిది ర్యామ్ కొరత.

హార్డ్‌డిస్కు ఎందుకంత నెమ్మదో లెక్క వేద్దాం. ల్యాప్‌టాప్ డిస్కు పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ముల్లు జరగడానికి మరో పది, పన్నెండు. అంటే చెల్లాచెదురుగా ఉన్న ఫైలు ముక్కలను సెకనుకు 60 సార్లకు మించి అందుకోలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి ముక్కలు వేలల్లో కావాలి. ఎస్ఎస్‌డీ అంటే చిప్‌ల మీద డేటా దాచే డిస్కు. అందులో తిరిగేది ఏదీ లేదు, ఎదురుచూపు ఒక మిల్లీసెకనులో పదో వంతు కూడా ఉండదు. అందుకే డిస్కును తగిలించే పాత సాటా పోర్టు సెకనుకు 300 ఎంబీ దగ్గరే ఆగిపోయినా ఎస్ఎస్‌డీ వేయడం దండగ కాదు. పెట్టగలిగింది ఒక్క ఖర్చే అయితే, నా మాటగా, అది దీనికే పెట్టండి.

కొనేముందు వెనక మూత తీసి కొలవండి. 2.5 అంగుళాల డిస్కు గూడు 9.5 మిల్లీమీటర్ల మందానిదైతే, 7 మిల్లీమీటర్ల ఎస్ఎస్‌డీ వదులుగా కదులుతుంది, అంచున పలచటి చట్రం పెట్టాలి. ఎం.2 గాడి (సన్నటి పలక లాంటి ఎస్ఎస్‌డీ దూర్చే చోటు) ఉంటే అది సాటాదా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిదా అని మోడల్ మాన్యువల్‌లో చూడండి. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకదానిలో మరొకటి పనిచేయకపోవచ్చు.

పాత డిస్కును కాపీ చేసేముందు డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో 'కరెంట్ పెండింగ్ సెక్టర్' వరస చూడండి, అది చదవడానికి మొరాయిస్తున్న చోట్ల లెక్క. ఆ వరసలో 'రా వాల్యూస్' గడిలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా క్లోనింగ్ (డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం) జోలికి పోవద్దు. ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కుకు ఎక్కించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేసుకోండి. చావబోతున్న డిస్కును మొదటి నుంచి చివరిదాకా చదివిస్తే మధ్యలోనే ప్రాణం పోవచ్చు. డిస్కుకు విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి.

ర్యామ్ విషయంలో డీడీఆర్3, డీడీఆర్4 వేర్వేరు తరాలు, ఒకదాని గాడిలో ఒకటి పట్టవు. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది, దాన్ని మాత్రమే ఒప్పుకునే మెషీన్‌లో 1.5 వోల్టుల ముక్క పెడితే ఆన్ కాదు. 8 జీబీ సరిపోతుంది.

ఇక వేడి. మొదట బాగుండి, అరగంటకు చతికిలపడితే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ చూడండి. పని మీద ఉండగానే అది బేస్ స్పీడ్ కంటే కిందికి పడితే, చిప్ తనను తాను కాపాడుకుంటోంది. ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. బ్యాటరీ వైరు ఊడదీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టండి, లేకపోతే బేరింగ్ చెడుతుంది. చిప్ వేడిని రాగికి అందించే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మీద బియ్యపు గింజంత కొత్తది పెట్టండి. మూత తీసినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం నొక్కకండి, గుచ్చకండి, పని అక్కడే ఆపి ముందు దాన్ని మార్పించండి.

వేడి లేకపోయినా స్పీడ్ 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఇరుక్కుందా? ఛార్జర్ మార్చి చూడండి. వాటేజీని గుర్తించలేనప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు వేగాన్ని కావాలనే తగ్గించుకుంటాయి.