హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్లు: లెక్క, దాని షరతులు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, దుకాణాలు మూసుకుని వచ్చిన వైండింగు మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం అందులోనే గడిచిపోతుంది కనుక నేరుగా విషయానికి వస్తాను.

త్రీ ఫేజ్ మోటారు ఎంత కరెంటు లాగుతుందని అడిగితే, హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్లని మనం తడుముకోకుండా చెబుతాము. ఆ లెక్క ఊరికే పుట్టలేదు. హెచ్‌పీ అంటే 746 వాట్లు కనుక, అయిదు హెచ్‌పీ మోటారు షాఫ్టు దగ్గర ఇవ్వవలసినది 3,730 వాట్లు, దానిని త్రీ ఫేజ్ లెక్కలో వచ్చే 1.732 (మూడు వర్గమూలం), 415 వోల్టులు, 0.8 పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే పాలు), 0.85 సామర్థ్యం, ఈ నాలుగింటి లబ్ధంతో భాగిస్తే దాదాపు 7.6 ఆంపియర్లు వస్తాయి. అయితే బోరులో దింపే సన్నని సబ్‌మెర్సిబుల్‌కు అంత సామర్థ్యం ఉండదు, 0.7 అనుకుంటే అదే అయిదు హెచ్‌పీకి 9.3 ఆంపియర్లవుతాయి. లైను చివరి పొలంలో వోల్టేజి 350కి పడిపోయినా పంపు ఎత్తవలసిన నీరు పెద్దగా తగ్గదు కనుక, మొదటి మోటారు సైతం 9 ఆంపియర్లు లాగుతుంది, వైండింగులో వేడి సుమారు 40 శాతం పెరుగుతుంది.

ఇక నా అసలు బాధ ఓవర్‌లోడ్ రిలే గురించి, అంటే కరెంటు హద్దు మీరితే మోటారును ఆపేసే (ట్రిప్ చేసే) పరికరం గురించి. నాకు తెలిసిన ఒక రైతు మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, వచ్చిన మెకానిక్ కరెంటు కొలవకుండానే రిలే చెడిపోయిందని తేల్చి, దానిని తప్పించి వైర్లు నేరుగా కలిపి వెళ్లాడు. తరువాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. మిగిలిన రెండు ఫేజుల మీద సుమారు 1.7 రెట్ల కరెంటు పడి మోటారు కాలిపోయింది. పైపులన్నీ పైకి లాగి, వైండింగు చేయించి, మళ్లీ దింపేలోగా ఆయన వరి ఎండిపోయింది. రిలే అబద్ధం చెప్పలేదు, అయ్యా! దాని మాట మనమే వినలేదు.

వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ ఉన్నవారు ఒకసారి చేతులెత్తండి. ఇంతమంది ఉన్నారు కదా, మరి కొలవకుండా, ట్రిప్ కాకూడదని రిలే డయల్‌ను చివరిదాకా తిప్పడం ఎందుకు? నీరు నిలకడగా పోస్తున్నప్పుడు మూడు ఫేజులూ విడివిడిగా కొలవండి, అప్పటి వోల్టేజిని పక్కనే రాయండి, రిలేను నేమ్ ప్లేటు మీది ఆంపియర్లకు పెట్టండి. మోటారును మొదట స్టార్‌లో, తరువాత డెల్టాలో కలిపే స్టార్ డెల్టా స్టార్టరులో, రిలే సరఫరా లైనులో కాక వైండింగులకు వెళ్లే ఫేజు వైర్లలో ఉంటే నేమ్ ప్లేటు అంకెను 0.58తో గుణించాలి, 15 ఆంపియర్ల మోటారుకు డయల్ 8.7 దగ్గర ఉండాలి.