ఫ్యాక్టరీ రోబోలు, వాటి వెనక జరిగే పోటీ

అందరికీ నమస్కారం. రోబో అంటే చాలామందికి మనిషి లాగా నడిచే బొమ్మే గుర్తొస్తుంది, టీవీల్లో ఎప్పుడూ అదే చూపిస్తారు కాబట్టి. ఫ్యాక్టరీల్లో నిజంగా పని చేసేది మాత్రం నేలకి బోల్టులతో బిగించిన ఒక చెయ్యి. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో యూనిమేట్ అనే రోబో డ్యూటీ ఎక్కింది, సలసలా కాలే లోహపు ముక్కల్ని అచ్చులోంచి తీసి పెట్టడం, అంతే దాని పని. 1985 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో డెల్టా రోబో వచ్చింది, పైనుంచి సాలీడు కాళ్ళ మాదిరి వేలాడతా చాక్లెట్ల లాంటి తేలికైన సరుకుని టకటకా ఏరి డబ్బాల్లో సర్దేస్తుంది. వెల్డింగ్‌కి ఒకటి, పెయింటింగ్‌కి ఒకటి, ఇట్లా ఏ పనికి ఆ రోబోనే.

మన శ్రీసిటీలో బండ్లు, ఫోన్లు, రేణిగుంట పక్కన టీవీలు తయారవుతా ఉన్నాయి కదా, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే పిల్లోళ్ళు టీచ్ పెండెంట్ అనే మాట తెలుసుకోవాలి. రోబోకి పని నేర్పించే రిమోట్ అది. దాని వెనక ఒక స్విచ్ ఉంటుంది, సగం వరకే నొక్కి పట్టుకోవాలి, వదిలేసినా ఆగిపోతుంది, కంగారులో గట్టిగా నొక్కేసినా ఆగిపోతుంది, మనిషికి దెబ్బ తగలకూడదని అట్లా పెట్టినారు. చెయ్యిని మెల్లగా జరిపి, ఇక్కడ పట్టుకో, ఇక్కడ పెట్టు అని ఒక్కో పాయింట్ సేవ్ చేసుకుంటా పోవాలి, తర్వాత అది రాత్రీ పగలూ అదే దారిలో తిరుగుతుంది. కానీ వస్తువు కొంచెం పక్కకి జరిగిందా, ఇక దానికేం తెలీదు.

ఇప్పుడు పోటీ అంతా ఇక్కడే, ఆ చెయ్యికి కళ్ళు, తెలివి ఎవరు ఇస్తారనే దాని మీద. జపాన్ వాళ్ళ ఫానుక్, యస్కావా, యూరప్ వాళ్ళ ఏబీబీ, జర్మనీ కూకా, రోబోల తయారీలో చాలాకాలం ఈ నాలుగే పెద్ద పేర్లు. కూకాని మిడియా అనే చైనా కంపెనీ కొనేసింది, ఏబీబీ రోబోల వ్యాపారాన్ని సుమారు 540 కోట్ల డాలర్లకి కొంటామని 2025లో జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ ఒప్పందం చేసుకుంది. ఇంకోపక్క, ఆ తెలివికి కావాల్సిన చిప్‌ల యుద్ధం. గేముల కోసం అమెరికా కంపెనీ ఎన్విడియా చేసిన కార్డులే ఏఐకి పనికొచ్చినాయి, కానీ నన్నడిగితే వాళ్ళ అసలు బలం చిప్ కాదు, ఆ చిప్‌ల మీద ప్రోగ్రాములు రాసుకోవడానికి 2007లో వదిలిన CUDA అనే సాఫ్ట్‌వేర్. ప్రోగ్రామర్లంతా దానికి అలవాటుపడిపోయినారు, పోటీ కంపెనీ ఏఎండీ మంచి చిప్ తెచ్చినా, గూగుల్ సొంతంగా టీపీయూ అనే ఏఐ చిప్ చేసుకున్నా ఆ అలవాటుని మాన్పించడం చాలా కష్టంగా ఉంది.

అందుకే చెప్తున్నా, చిప్ మనం చెయ్యలేకపోతున్నామని దిగులు పడొద్దు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. తోతాపురి కాయ ఏ రెండూ ఒకేలా ఉండవు, ఒకటి ముక్కు దగ్గర పండితే ఇంకోటి తొడిమ దగ్గర మచ్చ పడుంటుంది, పాయింట్లు సేవ్ చేసిన రోబో దీన్ని ఏరలేదు. కెమెరా కావాలి, మన కాయల ఫోటోలతో నేర్పించిన సాఫ్ట్‌వేర్ కావాలి, జపాన్ వాళ్ళొచ్చి అది చేసిపెడతారా? ఏర్పేడులో ఐఐటీ ఉంది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది, సీజన్‌లో అక్కడి పిల్లోళ్ళు కెమెరాలు పట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీలకి పోవాలి, ఏది పండు ఏది దోర అని వేలితో నొక్కి చెప్పే ఆడవాళ్ళ పక్కన కూర్చుని ప్రతి ఫోటో మీదా వాళ్ళు చెప్పింది రాసుకోవాలి, ఆ పనికి ఆ ఆడవాళ్ళకి కూలీ కాదు, నిపుణులకి ఇచ్చే జీతం ఇవ్వాలి.