మిలటరీ సైడింగ్ అమ్మకానికి పెట్టొచ్చా?

నమస్తే. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే, అమ్ముగూడ దాటగానే కావల్రీ బ్యారక్స్ స్టేషన్ వస్తుంది. ఒకప్పుడు అక్కడ గుర్రపు దళం ఉండేదని పేరే చెబుతుంది. 1806లో వెలిసిన మన కంటోన్మెంట్ గుండా వెళ్లే లైన్ అది. ఆ స్టేషన్ దాటినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న వస్తుంది. మిలటరీ సైడింగ్‌ని, అంటే మెయిన్ లైన్ నుంచి విడిపోయి సైన్యం డిపోకి వెళ్లే పట్టాలను, ప్రభుత్వం అమ్మొచ్చా? లీజుకి ఇవ్వొచ్చా?

మిలటరీ సైడింగ్ నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. గడ్డి మొలుస్తుంది. ఫైల్ చూసే ఆఫీసర్‌కి అది పనికిరాని ఆస్తిలా కనిపిస్తుంది. కానీ ఒక టీ-90 ట్యాంకు బరువు దాదాపు 46 టన్నులు. దాన్ని రోడ్డు మీద దూరం తీసుకెళ్లాలంటే పెద్ద ట్రెయిలర్ కావాలి, దారిలో ప్రతి వంతెన బలం చూసుకోవాలి. అదే ర్యాంపు, సైడింగ్ ఉంటే ట్యాంకులు వరుసగా ఫ్లాట్ వ్యాగన్ల మీదకి ఎక్కేస్తాయి. ఒక్కసారి ఆ పట్టాలు పీకి స్థలం అమ్మేశామా, నాలుగేళ్లలో అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తాయి. మళ్లీ లైన్ వేయాలంటే ఎవరి ఇల్లు కూల్చాలి?

అమెరికా చట్టం ఈ భయాన్ని ముందే ఊహించింది. అక్కడ సైన్యం ఆస్తిని మామూలుగా 5 ఏళ్లకు మించి లీజుకి ఇవ్వరు. ఎక్కువ కాలం ఇవ్వాలంటే అది దేశ రక్షణకో ప్రజలకో మంచిదని తేల్చి చెప్పాలి. ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు కూడా మామూలుగా తమ దగ్గరే ఉంచుకుంటారు.

మన దగ్గర 2022లో కేంద్ర కేబినెట్ సరుకు రవాణా పనులకు రైల్వే భూమిని 35 ఏళ్ల దాకా, ఏడాదికి మార్కెట్ విలువలో 1.5 శాతం అద్దెకి ఇవ్వడానికి ఒప్పుకుంది. గోడౌన్లకి అది మంచి పనే. మిలటరీ సైడింగ్‌కి మాత్రం 35 ఏళ్లు చాలా పెద్ద కాలం.

సైన్యం స్థలం ఎప్పుడూ ఇవ్వకూడదని నేను అనను. 2024 మార్చిలో సికింద్రాబాద్ ప్యారడైజ్ నుంచి వెళ్లే ఎలివేటెడ్ కారిడార్ల (స్తంభాల మీద వేసే రోడ్ల) కోసం సుమారు 175 ఎకరాల రక్షణ భూమి రాష్ట్రానికి ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంటే నేను సంతోషించాను. ఆ భూమి ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వానికే వెళ్తుంది.

సైడింగ్ ఇస్తే లీజుకే ఇవ్వండి. పట్టాలు పీకకూడదని, సైన్యం అడిగిన రోజున ఖాళీ చేయాలని, అప్పటిదాకా మరమ్మతులు తీసుకున్నవాడే చేయించాలని ఒప్పందంలో రాయించండి.