రెడ్‌బస్ చెప్పే పాఠం: ముందు సీట్ల చార్ట్ చదవండి

మిత్రులారా,

2005 దీపావళికి ఫణీంద్ర సామకు బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరకలేదు. మరుసటి ఏడాది సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టారు. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుక్కుంది. ఈ కథ మీరంతా విన్నదే. పండక్కి టికెట్ దొరక్కపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఎందుకు దొరకలేదని టికెట్లమ్మే ఏజెంట్లనూ బస్సులు నడిపే ఆపరేటర్లనూ అడిగి తెలుసుకోవడమే ఆయన చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

అప్పట్లో ట్రావెల్స్ ఆఫీసులో ఒక్కో బస్సుకు ఒక కాగితం చార్ట్ ఉండేది. ఏజెంటు ఫోన్ చేస్తే గుమస్తా దాన్ని చూసి సీటు రాసుకునేవాడు. ఏజెంటుకు తనతో లావాదేవీలున్న ట్రావెల్స్ సంగతే తెలుస్తుంది. ఇంకో ట్రావెల్స్ బస్సు సగం ఖాళీగా వెళ్తున్నా అతను చెప్పేది ‘సీట్లు లేవు’ అనే.

సీట్ల లెక్క చూసుకోవడానికి ఆపరేటర్ల కోసం రెడ్‌బస్ రాసిన సాఫ్ట్‌వేర్‌ను మొదట్లో ఎవరూ తీసుకోలేదు. దాంతో రెడ్‌బస్ తనే ఏజెంటుగా మారి, కోటాగా కొన్ని సీట్లు అడిగి తీసుకుని అమ్మింది. అమ్మకం కళ్లకు కనబడ్డాకే సాఫ్ట్‌వేర్ మాటకు విలువ వచ్చింది.

మీరూ టికెట్ల వ్యాపారం ఇలా కోటాతో మొదలుపెడితే ‘ఐదు సీట్లు’ అనే మాటతో సరిపెట్టుకోకండి. సీటు నంబర్లు రాయించుకోండి. లేదంటే అదే సీటును కౌంటర్లోనూ అమ్మేస్తారు, రాత్రి బస్సు దగ్గర ఇద్దరు ప్రయాణికులు గొడవ పడతారు. అమ్ముడుపోని సీట్లు ఏ గంటకు వెనక్కివ్వాలో కూడా ముందే తేల్చుకోండి. పక్క సీటు మహిళదా కాదా అన్నదీ మీ చార్ట్‌లో కనబడాలి.

ఇక డబ్బు. లెక్క కోసం 600 రూపాయల టికెట్ మీద 10 శాతం కమీషన్ అనుకుందాం. వచ్చేది 60. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే 2 శాతం తీసుకుంటే అది మీ 60 మీద కాదు, మొత్తం 600 మీద. అంటే 12 పోయి 48 మిగులుతుంది. కస్టమర్ కేర్, ప్రకటనలు, జీతాలు అన్నీ అందులోంచే రావాలి. 50 రూపాయల కూపన్ ఇచ్చారా, ఆ ఖర్చులేవీ లెక్కేయకముందే టికెట్‌కు రూపాయో రెండో చేతినుంచి పడతాయి. అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

ఆపరేటరుకు చెల్లింపు ప్రయాణం పూర్తయ్యాకే అని ఒప్పందంలో రాసుకోండి. బస్సు రద్దయిన రోజున డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది కాబట్టి, ఆపరేటరు చుట్టూ తిరగకుండా ఆ పూటే ప్రయాణికుడికి తిరిగి పంపగలుగుతారు.