డైపర్ డబ్బా కొన్నాం, వాసన పోయింది, చెత్త మాత్రం అక్కడే ఉంది

హాయ్ అండి, నమస్తే. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. పక్క గదిలో పాప ఇప్పుడే పడుకుంది, ఎంతసేపు పడుకుంటుందో దానికే తెలియదు. అందుకని ఈసారి మ్యూజిక్కులు, హంగులు ఏమీ లేవు, సూటిగా విషయంలోకి వెళ్లిపోదాం.

పాపకి ఇప్పుడు ఏడు వారాలు. మా దగ్గర చెత్త తీసుకెళ్లేది 14 రోజులకి ఒక్కసారి. ఇద్దరమే ఉన్నప్పుడు బయట పెట్టే ఆ పెద్ద డబ్బా సగం కూడా నిండేది కాదు, అసలు ఇంత పెద్దది ఎందుకిచ్చారా అనుకునేవాళ్లం. ఇప్పుడు తొమ్మిదో రోజుకే మూత పడటం లేదు.

ముందు ఇది చూడండి. వంటింటి కాటానే, కింద కవరు వేశాను, కంగారు పడకండి. కొత్త డైపర్, అప్పుడే పుట్టిన పిల్లల సైజు, 22 గ్రాములు. ఇది పొద్దున మార్చింది, 95 గ్రాములు. రోజుకి మాకు 10 దాకా అవుతున్నాయి, ఈ వయసు పిల్లలకి 8 నుంచి 12 మామూలేనట. అంటే రెండు వారాలకి 140 డైపర్లు, అటూ ఇటూగా 13 కిలోలు. పాప బరువు కంటే రెండింతలు పైనే! నేను ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఇప్పుడు చూపించబోయేది కొనేవాణ్ణి కాదు.

ఇదిగో, ఇదీ డైపర్ డబ్బా. కంపెనీ పేరు చెప్పను, ఈ రకాలన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. లోపల గుండ్రంగా ఒక కెసెట్ ఉంటుంది, అందులోంచి పొడుగ్గా ప్లాస్టిక్ గొట్టంలాంటి కవరు వస్తుంది. కింద ముడి వేసి, డైపర్ లోపలికి తోసి, పైన రింగు తిప్పితే ఒక్కో డైపర్ విడివిడిగా మెలిక పడుతుంది. నిండాక లోపలి బ్లేడుతో కోసి, పైన ముడి వేసి తీస్తే... చూడండి, అచ్చం దండ! డైపర్ల దండ.

వాసన సంగతి నిజం చెప్పాలి, బాగా ఆపుతుంది. పడకగదిలో మంచం పక్కనే పెట్టాం, మూత తెరిచి ముక్కు పెడితే తప్ప తెలియదు. ఆ విషయంలో వంక పెట్టను.

కానీ మూడు రోజులకే నిండుతుంది. కెసెట్ రాత్రి రెండింటికి అయిపోతుంది, పగలు అయిపోయిన పాపాన పోలేదు. అసలు తిరకాసు వేరే ఉంది, అది మా ఆవిడ పట్టుకుంది. మొదటి దండ తీసి గర్వంగా చూపిస్తుంటే, "వాసన సరే, దీన్ని ఎక్కడ పెడతావు?" అంది. ఎక్కడ పెడతాం, బయట డబ్బాలోనే కదా! ఒక్కో మెలికలో డైపర్‌తో పాటు కాస్త గాలి కూడా ఉండిపోతుంది. ఇక్కడ చూడండి, ఎడమ పక్కన దండలోవి ఐదు, కుడి పక్కన మామూలుగా గట్టిగా చుట్టి కవర్లో గాలి పోయేలా నొక్కినవి ఐదు. తేడా కొలవక్కర్లేదు, కంటికే కనిపిస్తోంది. అంటే ఇంట్లో వాసన తగ్గించుకోడానికి బయట డబ్బాని ఇంకా తొందరగా నింపుకుంటున్నాం అన్నమాట. మా దగ్గర చెత్త వారానికి రెండుసార్లు పోదు కదా, పట్టుకెళ్లేవాళ్లు వచ్చేదాకా అది మన దగ్గరే ఉండాలి.

రెండోది ఇది, మామూలు బకెట్. మూత తిప్పి బిగించేది, మూత లోపల చుట్టూ రబ్బరు రింగు ఉంది, అదే ముఖ్యం. లోపల ఏ కవరైనా వేసుకోవచ్చు. వాసన కెసెట్ అంత పూర్తిగా ఆపదు, మూత తీసిన ప్రతిసారీ ఒక్క విసురు కొడుతుంది, కానీ రోజూ రాత్రి కవరు ముడి వేసి బయట పడేస్తే ఇబ్బంది లేదు. కాలితో తొక్కితే తెరుచుకునే డబ్బా కూడా వాడాం. ఒక చేత్తో పాపని, ఒక చేత్తో డైపర్ని పట్టుకున్నప్పుడు అదే సుఖం, కానీ మూత వదులు.

చుట్టడం గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే ఇది ఉచితం. ముందు వైపు నుంచి వెనక్కి, మురికి లోపలే ఉండేలా గట్టిగా చుట్టుకుంటూ రండి, చివర్లో రెండు పక్కల టేపులు లాగి దానికే అతికించండి. ఇలా. పిడికిలంత అయింది. వైప్స్ కూడా అందులోనే చుట్టేస్తాను.

పెద్ద పిల్లలున్నవాళ్లు మలాన్ని టాయిలెట్‌లో దులిపేసి అప్పుడు డైపర్ పారేయండి, చాలా తేడా ఉంటుంది. చాలా డైపర్ ప్యాకెట్ల మీద కూడా ఆ మాట ఉంటుంది. పాలు తాగే పసిపిల్లలకి మాత్రం ఇది కుదరదు, పలచగా అయి డైపర్‌లోకి ఇంకిపోతుంది, దులపడానికి ఏముంటుంది? డైపర్‌గానీ, వైప్స్‌గానీ టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టొద్దు, పైపు పూడుకుపోతుంది. ప్యాకెట్ మీద వేయొచ్చు అని రాసున్న వైప్స్ కూడా వద్దు.

ఇక బయట డబ్బా. పోయిన నెల ఎండలు బాగా కాశాయి, పదకొండో రోజున మూత ఎత్తితే... చెప్పాలా? పురుగులు. తెల్లగా, మూత అంచు వెంట పాకుతున్నాయి. వేడిగా ఉంటే ఈగ గుడ్లు ఒక్క రోజులోనే పిల్లలవుతాయి, మూతకి వేలెడు సందు ఉన్నా చాలు. ఆ రోజు నుంచి మూడే పనులు చేస్తున్నాం. డబ్బాని నీడకి జరిపాం, ముడి వేయని కవరు ఒక్కటి కూడా అందులో పడనివ్వడం లేదు. చెత్త పోయిన రోజు సబ్బు నీళ్లతో కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడుతున్నాం.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. కడిగేటప్పుడు బ్లీచింగ్ గుప్పించకండి. మూత్రంలోని యూరియా నిలవ ఉంటే బ్యాక్టీరియా వల్ల అమ్మోనియా అవుతుంది, ఆ కళ్లు మండే వాసన అదే. దానిమీద బ్లీచ్ పడితే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. వంట సోడా చల్లమని అందరూ చెప్తారు, నేనూ చల్లాను. పుల్లటి కంపు కాస్త తగ్గింది గానీ అమ్మోనియా ఘాటు అలాగే ఉంది. రెండూ క్షార గుణం ఉన్నవే, ఒకదాన్ని ఒకటి ఏం తగ్గిస్తాయి? సెంటు కవర్లయితే ఇంకా ఘోరం. మల్లెపూలు, మలం కలిపి ఊహించుకోండి.

మరి చివరికి మాకు పనికొచ్చిందేంటి అంటే, గుడ్డవి. అవును, మీలో సగంమంది ఇక్కడే వీడియో ఆపేస్తారని తెలుసు. పూర్తిగా మారలేదండి, అంత ఓపిక లేదు. పగలు ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డ డైపర్లు, రాత్రికి, బయటికి వెళ్లినప్పుడు మామూలువి. దాంతో రోజుకి 10 పారేసేవాళ్లం 4కి వచ్చాం, రెండు వారాలకి 56. మూత పడుతోంది!

పద్దెనిమిది ఉన్నాయి మా దగ్గర, రెండు రోజులకోసారి మెషిన్‌లో వేస్తాం. వాడినవి నీళ్లలో నానబెట్టకండి, పొడిగానే మూత ఉన్న డబ్బాలో ఉంచండి. నీళ్లలో నానితే కంపు ఎక్కువ, పైగా పాకే పిల్లలున్న ఇంట్లో నీళ్ల బకెట్ ప్రమాదం. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, గుడ్డ పీల్చే గుణం తగ్గిపోతుంది. నేను మొదటి వారం బాగా దట్టించి వేశాను, మెత్తగా ఉంటుందని. మెత్తగానే ఉంది, తడి మాత్రం నా చొక్కాకి వచ్చింది. ఉతకడం కష్టం కాదు, ఆరబెట్టడమే కష్టం. ముసురు పట్టిన వారం మేం చేతులెత్తేశాం, నిజం దాచడం దేనికి.

కాబట్టి నా ఓటు ఆ రబ్బరు రింగు బకెట్‌కి. మీకు చెత్త వారానికి రెండుసార్లు పోతుంటే, గదికి కిటికీ కూడా లేకపోతే, అప్పుడు కెసెట్ డబ్బా గురించి ఆలోచించండి. రెండు వారాలకోసారి అయితే ఆ డబ్బు గుడ్డవాటి మీద పెట్టండి.

మరి మీ కెసెట్ డబ్బా ఏం చేశారు అంటారా? కెసెట్ తీసేశాం, శుభ్రంగా కడిగాం, మూడుసార్లు. ఇప్పుడు అందులో పాప బొమ్మలు వేస్తున్నాం. మూత మాత్రం భలే గట్టిగా పడుతుంది.