కుక్క వెనకభాగం నేలకేసి రాస్తోందా? ముందు మలం చూడండి

హోస్ట్: డాక్టర్ గారూ, చివావా, పూడుల్, షిట్జూ లాంటి చిన్న కుక్కలు కూర్చుని నేలమీద ఈడ్చుకుంటూ పోతుంటాయి. చూడగానే కడుపులో పురుగులు అనేస్తారు.

డాక్టర్: బద్దెపురుగులైతే తోక కింద బియ్యపుగింజల్లాంటి ముక్కలు కనబడతాయి. ఎక్కువగా గొడవ ఆనల్ గ్లాండ్స్‌తోనే. మలద్వారాన్ని గడియారం అనుకుంటే 4 దగ్గరొకటి, 8 దగ్గరొకటి, వాసన ద్రవం ఉండే చిన్న సంచులు. గట్టి మలం వచ్చేటప్పుడు ఆ ఒత్తిడికి అవే ఖాళీ అవుతాయి. మలం మెత్తగా ఉంటే వాటిని నొక్కేదెవరు? ద్రవం చిక్కబడి సన్నటి నాళం మూసుకుపోతుంది.

హోస్ట్: గ్రూమింగ్‌కి వెళ్లినప్పుడల్లా పిండించేస్తే?

డాక్టర్: ఆ అలవాటే వద్దంటాను. బాగున్న సంచిని ఊరికే నొక్కితే వాస్తుంది, ఆ వాపుకే నాళం పూడుతుంది. నిండితేనే తియ్యాలి.

హోస్ట్: ఇంట్లో చెయ్యొచ్చా?

డాక్టర్: వెట్ దగ్గర ఒకసారి చేత్తో నేర్చుకున్నాక. ఒకరు పట్టుకోవాలి. గ్లోవ్స్ వేసుకుని, తోక పైకెత్తి, టిష్యూ మడత అడ్డుపెట్టండి. చిమ్ముతుంది, మొహం దూరంగా! బొటనవేలు, చూపుడువేలు సంచులకి కాస్త కిందగా, లోతుగా ఆనించి, మెల్లగా పైకీ బయటికీ నొక్కుతూ రావాలి. రెండు మూడుసార్లకి రాకపోతే ఆపెయ్యండి. బలం పెడితే సంచి లోపలే చిట్లొచ్చు.

హోస్ట్: వచ్చింది చూసి ఏం తెలుస్తుంది?

డాక్టర్: చాలా తెలుస్తుంది, టిష్యూ వెంటనే పారెయ్యకండి. పల్చగా, గోధుమరంగులో, నీచువాసనతో ఉంటే మామూలే. టూత్‌పేస్ట్‌లా వస్తే పేరుకుపోయినట్టు. చీము, నెత్తురు కనబడితే ఇన్ఫెక్షన్. ఒకపక్క ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కరవబోతోందంటే చీముగడ్డ. నొక్కొద్దు, ఆరోజే ఆసుపత్రికి. నొప్పిలేని గట్టి గడ్డ ఉండి, నీళ్లు తెగ తాగుతుంటే క్యాన్సర్ అనుమానించాలి. కొన్నిసార్లు దానివల్ల రక్తంలో కాల్షియం పెరిగి అంత దాహం వేస్తుంది.

హోస్ట్: మళ్లీ మళ్లీ నిండుతుంటే?

డాక్టర్: మలం సంగతి చూడాలి. ఏమీ కలపని ఉడికించిన గుమ్మడి గుజ్జు, 5 కిలోల కుక్కకి రోజుకో టీస్పూన్‌తో మొదలుపెట్టండి. మలం ఇంకా మెత్తబడితే తగ్గించండి. లావుగా ఉంటే బరువు దించాలి. పాదాలు నాకుతూ, చెవులు గోక్కుంటుంటే అలర్జీ. అది తగ్గనిదే ఇది తగ్గదు.

హోస్ట్: సంచులే తీసేస్తే?

డాక్టర్: అది ఆఖర్న. పక్కనే మలాన్ని ఆపే కండరం, దాని నరాలు ఉంటాయి. అవి దెబ్బతింటే కుక్క ఎక్కడపడితే అక్కడ వదిలేస్తుంది. అందుకే చీము, వాపు పూర్తిగా తగ్గాకే కత్తి పడతారు.