‘ఎయిర్‌పోర్టుకి 25 నిమిషాలే!’

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఒక కుర్రాడు ఆటోలోకి చెయ్యి పెట్టి నా ఒళ్లో కరపత్రం పడేసి పోయాడు. షాద్‌నగర్ వైపు ఏదో వెంచర్. ముందు పెద్ద ఆర్చి, దానికి అటూ ఇటూ రెండు ఏనుగులు, లోపల ఇంకా నడుము దాకా కూడా పెరగని కొబ్బరి మొక్కలు. కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఎయిర్‌పోర్టుకి 25 నిమిషాలే!’ అని ఉంది. పక్కన ‘గచ్చిబౌలికి 45 నిమిషాలే!’ ఎన్ని కిలోమీటర్లో మాత్రం లేదు. రెండు వైపులా తిప్పి చూశాను. లేదు.

ప్లాట్లు అమ్మేవాళ్లకి అర్థశాస్త్రం ఒకరు నేర్పక్కర్లేదు. ముప్పయ్యేళ్లు నేను కాలేజీలో బోర్డు మీద గీతలు గీసి చెప్పిన పాఠాన్ని వాళ్లు ఒక్క ముక్కలో అచ్చేసి పంచుతున్నారు. స్థలం కొనేవాడు గజాలతో పాటు నిమిషాలు కూడా కొంటాడు. ఇవాళ నన్ను మాట్లాడమన్నది డ్రైవర్ లేని కార్ల గురించి. మాట్లాడతాను. కానీ ఆ కారు సంగతి నాకు కాస్తో కూస్తో అర్థమైంది ఈ కరపత్రం వైపు నుంచే. అందుకని ఇటు నుంచే వస్తాను.

ఫాన్ థ్యూనెన్ అని ఒక జర్మన్ భూస్వామి 1826లో ఒక పుస్తకం రాశాడు. ఊరి చుట్టూ ఏ పంట ఎంత దూరంలో వేస్తారు, ఎందుకు వేస్తారు అని అందులో లెక్క కట్టాడు. పాలు, కూరగాయలు ఊరిని అంటుకుని ఉంటాయి, దారిలో పాడైపోతాయి కాబట్టి. ధాన్యం ఇంకాస్త దూరం. పశువులు అన్నిటికంటే దూరం, ఎందుకంటే అవి తమ కాళ్ల మీద తామే సంతకి నడిచి వస్తాయి. బండి కిరాయి తగ్గిందనుకోండి, దూరపు పొలానికి కౌలు పెరుగుతుంది. లాభం బండివాడికీ మిగలదు, పండించినవాడికీ పూర్తిగా మిగలదు. పొలం ఎవరిదో వాళ్లకి పోతుంది. విలియం అలాన్సో 1964లో ఇదే లెక్కని నగరంలో ఇళ్లకి వేశాడు. అమీర్‌పేటలో అద్దె కట్టలేక ఊరి చివర బీరంగూడ వెళ్లిన కుటుంబానికి ఈ పుస్తకాలు అక్కర్లేదు. అద్దెలో మిగిలింది పెట్రోల్లో, నిద్రలో పోతుందని వాళ్లకి మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, మార్కెట్టి అని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త. మనిషి నడిచినా, రైలెక్కినా, కారెక్కినా రోజుకి సుమారు ఒక గంటే ప్రయాణానికి ఇస్తాడని 1994లో రాశాడు. వేగం పెరిగితే ఆ గంట తగ్గదట, ఊరు పెరుగుతుందట. ఇందులో నాకు కొన్ని అనుమానాలున్నాయి. మన ఊళ్లో రెండు గంటలు ఇచ్చేవాళ్లు బోలెడుమంది. కానీ మన హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డుని చూడండి. 158 కిలోమీటర్లు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా మొదటి ముక్క 2008లో తెరిచారు. దాని వల్ల మన జనం తొందరగా ఇంటికొచ్చి పిల్లలతో కూర్చుంటున్నారా? లేదు, ఇల్లే ఇంకాస్త అవతలికి జరిగింది. 2023 ఆగస్టులో ఆ రోడ్డు పక్కనే ఉన్న కోకాపేటలో వేలం వేస్తే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజాల్లోకి మార్చండి, గజం రెండు లక్షల పైచిలుకు. రోడ్డు మిగిల్చిన నిమిషాలు చివరికి ఎక్కడ తేలాయో ఆ అంకె చెబుతుంది. అది ప్రభుత్వ వేలం కాబట్టి ఆ డబ్బు కనీసం ఖజానాకి వచ్చింది. పక్కనే ఉన్న ప్రైవేటు భూమి కూడా రోడ్డు వల్లే పెరిగింది, ఆ పెరుగుదల మాత్రం భూమి ఉన్నవాళ్లకే చెందింది.

ఇక కారు.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. పోయినేడు వెళ్లినప్పుడు ఒక ఆదివారం మమ్మల్ని శాన్ ఫ్రాన్సిస్కో తీసుకెళ్లి వేమో అనే డ్రైవర్ లేని ట్యాక్సీ ఎక్కించింది. తెల్ల జాగ్వార్. పైన బుట్ట బోర్లించినట్టు ఒక యంత్రం, దాని మీద వెలుగుతూ మా అమ్మాయి పేరులోని పొడి అక్షరాలు. పెళ్లి కారు అనుకున్నాను. వెనక సీట్లో కూర్చున్నాం. ముందు ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది. మా ఆవిడ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది. దండకం పూర్తయింది, కారు రెండు ఎత్తులు ఎక్కి దిగింది, ఏమీ కాలేదు. అయిదో నిమిషానికి చూస్తే ఫోన్ తీసి రీల్స్ చూసుకుంటోంది.

అర్థశాస్త్రం చెప్పేవాడిగా నాకు ఆ ప్రయాణంలో పెద్ద విషయం స్టీరింగ్ కాదు, ఆ ఫోనే. కారు వేగం పెరగలేదు, దూరం తగ్గలేదు. కానీ దారిలో గడిచే నిమిషం ఖరీదు మాత్రం పడిపోయింది. స్టీరింగ్ పట్టుకుని ట్రాఫిక్‌లో టెన్షన్ పడే గంటా, వెనక సీట్లో కునుకు తీసే గంటా గడియారంలో ఒక్కటే, మనిషికి ఒక్కటి కాదు. ఇప్పుడు ఆ కరపత్రం గుర్తు తెచ్చుకోండి. ‘45 నిమిషాలే’ అని అమ్మేవాడు రేపు గంటన్నర అని అచ్చేసినా కొనేవాళ్లు ఉంటారు. నిద్రపోతూ వెళ్లేవాడికి గంటన్నర అయితే ఏం?

సాంకేతికం గురించి ఎక్కువ చెప్పను, నాకు తెలిసింది తక్కువ. ఈ వేమో అయిన పనిని గూగుల్ 2009లో మొదలుపెట్టింది, 2018 చివర్లో ఫీనిక్స్‌లో డబ్బులు తీసుకుని ఎక్కించుకోవడం మొదలైంది, 2024 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎవరైనా ఎక్కొచ్చన్నారు. మధ్యలో దెబ్బలు కూడా తగిలాయి. 2023 అక్టోబరులో అదే ఊళ్లో క్రూజ్ అనే కంపెనీ కారు, అప్పటికే ఇంకో కారు గుద్దగా వచ్చి తన ముందు పడిన మహిళని కొంత దూరం ఈడ్చుకుపోయింది. పర్మిట్ ఆపేశారు. 2024 డిసెంబరులో క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీలకి డబ్బు పెట్టడమే మానేసింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. యంత్రం నడిపితే ఈ అంకె తగ్గుతుందంటే నేను అడ్డుచెప్పను. నా బెంగ వేరే.

ఈ కార్లు జనం చేతికొస్తే ఊరేమవుతుందో తెలుసుకోవడానికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ పరిశోధకులు ఒక తమాషా ప్రయోగం చేశారు. అది 2018లో అచ్చయింది. కారు లేకపోతే ఏం, మనిషినే పెడదాం అనుకున్నారు. 13 మందికి వారం రోజులు ఉచితంగా డ్రైవర్‌ని ఇచ్చారు. మీ కారు, మీ ఇష్టం, ఖాళీగా పంపినా సరే. వాళ్ల కార్లు తిరిగిన దూరం అంతకుముందుతో పోలిస్తే 83 శాతం పెరిగింది. అందరికంటే ఎక్కువ పెరిగింది రిటైరైనవాళ్లది, ముఖ్యంగా సాయంత్రం పూట. ఆ ముక్క చదివినప్పుడు మాత్రం సంతోషించాను. చీకటి పడితే ఎదురు లైట్లకి కళ్లు చెదిరి ఇంట్లో కూర్చుండిపోయే ముసలాళ్లలో నేనూ ఒకణ్ణి.

కానీ 13 మందితో వారం రోజులేమిటండీ? ఆ ప్రయోగం మన దేశంలో వందేళ్లుగా నడుస్తోంది. డ్రైవర్‌ని పెట్టుకున్న ప్రతి ఇంటికీ తనంతట తాను నడిచే కారు ఉన్నట్టే.

మా బావమరిది సంగతే చెబుతాను. మణికొండలో ఫ్లాటు, మాదాపూర్‌లో ఆఫీసు. సొంతంగా నడుపుకునేవాడు, రోజూ రాత్రి ఇంటికొచ్చి ట్రాఫిక్‌ని తిట్టేవాడు. బీపీ వచ్చింది. డ్రైవర్‌ని పెట్టుకున్నాడు. బీపీ తగ్గిందో లేదో గానీ, ఏడాది తిరక్కుండా మణికొండ ఫ్లాటు అమ్మేసి ఊరికి అవతల మోకిలలో విల్లా కొన్నాడు. ‘దారిలోనే రెండు మీటింగులు అయిపోతాయి బావా, పైగా గాలి బాగుంటుంది’ అన్నాడు. కారు పొద్దున ఆయన్ని మాదాపూర్‌లో దింపుతుంది. ఖాళీగా మోకిల వస్తుంది. పాపని మ్యూజిక్ క్లాసుకి, మా మరదల్ని ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుతుంది. సాయంత్రం మళ్లీ ఖాళీగా మాదాపూర్.

చూశారా, నేను కూడా ఖాళీగా అన్నాను. డ్రైవర్ ఒక్కడే ఉన్న కారుని మనం ఖాళీ బండి అంటాం. ఆ అబ్బాయి పటాన్‌చెరులో ఒక గదిలో భార్యతో, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. ఇరవై కిలోమీటర్ల దాకా బైక్ మీద వచ్చి ఏడింటికల్లా కారు తుడిచి గేటు ముందు పెట్టాలి. మా బావమరిదికి దూరం బరువు అనిపించకపోవడానికి ఆ బరువు ఇంకొకరు మోస్తున్నారు, జీతానికి. మోకిలలో విల్లాల మధ్య ఆ అబ్బాయి అద్దెకుండే గది ఒక్కటి కూడా లేదు, ఎవరూ కట్టరు. హైదరాబాద్‌లో 2006 నుంచీ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న హద్దు, లేదు, రోడ్డు వెడల్పుని బట్టి ఎంత ఎత్తైనా లేపొచ్చు. లేపుతున్నారు కూడా. కానీ ఆ టవర్లలో కింద నాలుగైదు అంతస్తులు కార్లు ఉంటాయి, ఆ పైన కార్లున్నవాళ్లు ఉంటారు.

కార్లు పడుకునే ఆ అంతస్తుల గురించి ఒక మాట. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ జీవితమంతా పార్కింగ్ గురించే రాశాడు. కారు తన ఆయుష్షులో నూటికి 95 పాళ్లు కదలకుండా నిలబడే ఉంటుందన్నాడు. ఇంటికి ఇన్ని పార్కింగులు ఉండాల్సిందే అని నిబంధన పెడితే, ఆ ఖర్చు కారు లేనివాడి అద్దెలోకి కూడా వెళ్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో 2018లో ఆ నిబంధన ఎత్తేసింది. డ్రైవర్ లేని కార్లు ట్యాక్సీలుగా అందరి మధ్యా తిరిగితే ఆ స్థలమంతా ఇళ్లకి మిగులుతుందని ఆశపడేవాళ్లున్నారు. లెక్క ప్రకారం నిజమే. కానీ మన దగ్గర కారు అంటే ఎక్కే వస్తువు మాత్రమేనా? పెళ్లిచూపుల్లో ఫోటో పక్కన చెప్పుకునే ఆస్తి అది. దాన్ని పదిమందితో పంచుకుంటామా?

సొంత కారే అయితే ఇంకో చిక్కుంది. మనిషిని దింపిన కారు ఎక్కడికి పోవాలి? ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకుడు 2019లో లెక్కేశాడు. ఊరి మధ్యలో పార్కింగ్ ఫీజు కట్టడం కంటే మెల్లగా రోడ్ల మీద తిరుగుతూ ఉండటమే ఆ కారుకి చౌక, గంటకి అర డాలరు. ఇంకా మెల్లగా పోతే ఇంకా చౌక. అంటే ట్రాఫిక్ జామ్ అయితే దానికి లాభం! ట్యాక్సీలైనా ఎక్కడో ఆగాలి కదా. 2024 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పార్కింగ్ స్థలంలో వేమో కార్లు తెల్లవారుజామున నాలుగింటికి ఒకదాన్ని చూసి ఒకటి హారన్లు కొట్టుకుంటూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లని నిద్రలేపాయి. రివర్స్‌లో గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటట అది.

మా అమ్మాయి వాళ్లుండేది మౌంటెన్ హౌస్ అనే ఊళ్లో. 2024 జులైలో నగరం హోదా వచ్చింది. గుళ్లు, బడులు, పచ్చళ్లు అమ్మే కొట్లు, మనవాళ్లు బాగానే ఉన్నారు. ఆఫీసులు మాత్రం శాన్ హోసే వైపు, 70, 80 కిలోమీటర్లు. గాలిమరలు తిరిగే ఆల్టమాంట్ కనుమ దాటి పోవాలి. అంత దూరం ఎందుకు కొన్నారమ్మా అంటే, అటువైపు ఇల్లు కొనే స్తోమత లేదు నాన్నా అంది. ఉద్యోగాలొచ్చినంత వేగంగా అక్కడ ఇళ్లు కట్టనివ్వలేదు, ఒక్కో స్థలంలో ఒక్క ఇల్లే ఉండాలని దశాబ్దాలు పట్టుబట్టారు. అల్లుడు అయిదింటికి లేచి, చీకట్లోనే బయల్దేరతాడు. అతనికి నిద్రపోతూ వెళ్లే కారు దొరికితే నేనెందుకు వద్దంటాను? కానీ ఆ కారు వచ్చిన మర్నాడే ఆ కనుమకి అవతల ఇంకో మౌంటెన్ హౌస్‌కి ఆర్చి లేస్తుంది. ఇక ఆఫీసు పక్కన నాలుగంతస్తులు కట్టనివ్వండని అడిగేవాళ్లు కూడా తగ్గిపోతారు.

అందుకని నా మటుకు నేను కోరేది, ఈ కార్లు రాకముందే రోడ్డుకి ధర పెట్టమని. సింగపూర్ 1975 నుంచి ఊరి మధ్యకొచ్చే కార్ల దగ్గర డబ్బు తీసుకుంటోంది. న్యూయార్క్ 2025 జనవరిలో మొదలుపెట్టింది, రద్దీ వేళ 9 డాలర్లు. ఖాళీ కారుకి అందరికంటే ఎక్కువ పడాలి. ఆ డబ్బు బస్సుకి పోవాలి. మహాలక్ష్మి బస్సులో నిలబడి వెళ్లే ఆడవాళ్లకి టికెట్ లేదు నిజమే, కానీ ముందు వెళ్లే కార్ల వల్ల వాళ్లు కోల్పోయే అరగంటకి ఎవరు డబ్బు కడుతున్నారు?

మన దేశంలోకి ఈ కార్లని రానివ్వనని గడ్కరీ గారు 2023లో అన్నారు, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయని. మరోవైపు కంది దగ్గర ఐఐటీ క్యాంపస్‌లో డ్రైవర్ లేని చిన్న బస్సులు తిరుగుతున్నాయి. ఏది నెగ్గుతుందో గానీ, మా బావమరిది డ్రైవర్‌కి ఈ సంగతి చెప్పాను. అమెరికాలో ఎక్కానయ్యా, డ్రైవరే లేడు అన్నాను. భయపడతాడేమో అనుకున్నాను.

‘ఎంత తీస్కున్నరు సార్?’ అన్నాడు.

ఇరవై మూడు డాలర్లు, మన లెక్కలో రెండు వేల దాకా అన్నాను. అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి, సిగ్నల్ పడే లోపల లెక్క కట్టాడు. ‘పొద్దుగాల ఒక్కసారి, మాపటికి ఒక్కసారి. ఆరు దినాల్ల నా నెల జీతం అయిపోతది గద సార్’ అన్నాడు. కాసేపాగి, ‘గా కారు పటాన్‌చెరు దిక్కు వస్తదా?’ అని అడిగాడు.

టైము అయిపోయిందని చీటీ పంపారు. మీరు అడగాల్సినవి ఉంటే అడగండి.